మూడు తొవ్వల కాడ సంచి

నేను ఎక్కువ మాట్లాడ. నా పెండ్లాం ఎల్లమ్మ ఇద్దరి వంతు మాట్లాడుతది కాబట్టి నాకు ఆ అవసరం పడలే.

రైల్వేల పని చేసి రిటైరైన. ఇల్లు మౌలాలిల. మా బిడ్డ కల్పలత మారేడ్‌పల్లిల ఒక ప్రైవేటు కాలేజీల పాఠం చెప్తది. ఏం పాఠమంటే దేశం లోపలి భద్రత. బాంబు బెదిరింపొస్తే గుంపును ఎట్ల బయటికి తియ్యాలె, వరదొస్తే ఎవరు ఎవరికి చెప్పాలె, అసొంటివన్నీ. దాని మీదనే పెద్ద చదువు చదివి పేరు ముందట డాక్టర్ అని పెట్టుకుంది. గల్లీల ముసలోళ్లు మోకాళ్ల నొప్పులకు గోలీలు రాసియ్యమని వస్తరు. "అసొంటి డాక్టర్ కాదవ్వా, ఇది బాంబుల డాక్టర్" అంటది ఎల్లమ్మ. వాళ్లు ఇంకింత భయపడి పోతరు.

అవి కంప్యూటర్ల రోజులు. ఏ గోడ చూసినా కోచింగుల కాయితాలే. మా ఇంట్లనే ఉండే అల్లుడు సుత బేగంపేటల కంప్యూటర్ కంపెనీలనే చేస్తుండె. "జావా నేర్చుకోరాదు, నీకెందుకీ పరేషాన్" అని కల్పను రోజూ సతాయించెటోడు. పోయిన ఏడాది పట్నంల బాంబులు పేలినంక కాలేజీవాళ్లే పిలిచి ఈ కోర్సు షురూ చేయించిన్రు. ఏడాది తిరిగెవరకు ఆ భయం మర్చిపోయిన్రు. ప్రిన్సిపాల్ మధుసూదన్ సారుకు కల్ప చెప్పే గది మీద కన్ను పడ్డది. గోడ కొడితే పక్కనున్న కంప్యూటర్ ల్యాబు పెద్దగైతది. ఉత్తగ తీసేస్తే మాటొస్తదని యూనివర్సిటీకి రాసిండు, కోర్సు పనికొస్తదో లేదో వచ్చి చూడమని.

చూసెతందుకు రామభద్రరావు సారు వస్తున్నడన్నరు. పోలీసుల పెద్ద నౌకరి చేసి దిగినాయన. ఆయన కాదంటే కోర్సు బంద్, కల్ప ఇంటికి. అవునంటే గది ఉంటది, నౌకరి పక్కా అయితది. కల్ప ఏడాదంత కష్టపడి రాసుకున్న పాఠాలన్నీ ఒక్క పొద్దుటితోని తేలిపోతయన్నట్టు.

ఆయన ముందట ఉత్తుత్త బాంబాట ఒకటి ఆడి చూపియ్యాలె. దాన్ని డ్రిల్లంటరట. లైబ్రరీల ఒక నల్ల సంచి దాచిపెడ్తది కల్ప. ఎవరో ఒకరు చూసి చెప్పాలె, గంట కొట్టాలె, అందరు వెనుక గేటు నుంచి పోవాలె. ముందు రోజు అన్నం తినుకుంట కల్ప అన్నది, "బాపూ, ఎవ్వరు చూడకపోతే నా పని ఖతం."

అది బోనాల నెల. ఎల్లమ్మ ఊకుంటదా? "బిడ్డ మీద కన్ను పడ్డది, ఆ మధుసూదన్ గాని కన్నే పడ్డది" అని తెల్లారి కల్ప పోయేముందు దిష్టి తీసింది. చిన్న మట్టి గురిగిల ఉప్పు, బొగ్గులు, ఎండు మిరపకాయలు, కోడిగుడ్డు, కోసి కుంకుమ పెట్టిన నిమ్మకాయ. దాన్ని నాకు అప్పజెప్పింది. కల్పకు పగటి అన్నం రోజూ నేనే తీస్కపోత గద.

"కాలేజీ ముందట మూడు తొవ్వలు కలిసే కాడ గురిగి తీసి కింద పెట్టు. ఎడమ చేతితోనే పెట్టు. ఎన్కకు తిరిగి చూడకు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేదాక నోరు తెరవకు."

"ఊఁ."

"నోరు తెరవకంటే నీకు పండుగే."

రెండు సంచులు. రెండూ ఒక్క పాత పర్దా గుడ్డతోని కల్ప పోయినంక ఎల్లమ్మనే కుట్టింది, ఆకుపచ్చవి. కుడి చేతిల అన్నం గిన్నె, ఎడమ చేతిల గురిగి. బస్సు కిటకిట ఉండె. ఒక్క చేతికి రెండు సంచులు తలిగిచ్చి, ఒక్క చేతితోని కడ్డీ పట్టుకొని నిలబడ్డ. దిగేటప్పుడు మళ్లా ఏ చేతిది ఆ చేతికి తీసుకున్న. తీసుకున్ననే అనుకున్న.

మూడు తొవ్వల కాడికి వచ్చేవరకు నాకు సిగ్గైంది. పాన్ డబ్బా ముందట పోరగాండ్లు అటు తిరిగి నిలబడ్డరు. గురిగి చూస్తే డాక్టర్ మేడం తండ్రి కాలేజీ ముందట నిమ్మకాయలు పెడ్తున్నడంటరు. గురిగి బయటికి తియ్యలే. సంచికి సంచే ఎడమ చేతితోని కింద పెట్టి, తిరిగి చూడకుండ గేటు లోపలికి పోయిన. రెండో సంచి కల్ప గదిల బల్ల మీద పెట్టిన. కల్ప లేదు, హాల్ల ఉంది. ఖాళీ గిన్నె తీస్కపోవాలె గనుక రోజూ కూసునే బెంచీ మీదనే కూసున్న. గేటు నా ఎన్కకు ఉండె.

కొంచెం సేపటికి రామభద్రరావు సారు కారు వచ్చింది. తెల్ల బట్టలు, చిన్న మీసాలు. మధుసూదన్ సారు పూల గుచ్ఛం పట్టుకొని ఉరికిండు.

"మా కాలేజీల ముఖ్యంగ కంప్యూటర్లు సర్. ఇది ఏదో చిన్న కోర్సు."

"చిన్నదో పెద్దదో చూద్దాం పదండి" అన్నడు సారు. కోస్తా మాట.

కల్ప నల్ల సంచి లైబ్రరీల బల్ల కింద పెట్టి వచ్చి, హాల్ల ఆయనకు ఏదో చెప్తుంది. నాకు కిటికీల నుంచి కనవడుతుంది. లైబ్రరీలకు పిల్లలు పోతున్నరు, వస్తున్నరు. ఎవ్వరు ఏం చెప్తలేరు. కల్ప మాటిమాటికి తలుపు దిక్కు చూస్తుంది. మధుసూదన్ సారు గడియారం చూసి నవ్వుతుండు.

అప్పుడు ఉరికొచ్చిండు విజయేందర్. కల్ప దగ్గర చదివే పిలగాడు, రోజూ ఆలస్యంగ వచ్చుడే వాని పని. నా ముందట నుంచే హాల్లకు ఉరికిండు. లోపలి మాటలు నాకు తర్వాతనే తెలిసినయి.

"మేడం, గేటు బయట మూడు తొవ్వల కాడ సంచుంది. ఎవరిదో తెల్వదు. పాన్ డబ్బా జకర్యా భాయిని అడిగిన, చాలాసేపటి నుంచి ఉన్నదన్నడు. నేను ముట్టలే. ఆటోలను అటు దిక్కు తిప్పి, ఇద్దరిని కాపలా పెట్టి వచ్చిన."

మధుసూదన్ సారు చప్పట్లు కొట్టబోయిండు. "ఆఁ, దొరికిందా? అయిపోయినట్టేనా?"

కల్ప ముఖం తెల్లగైంది. "సర్, నేను పెట్టిన సంచి లైబ్రరీల ఉంది. బయటిది నాది కాదు."

గంట కొట్టిన్రు. ఈసారి ఆట కాదు. పిల్లలు వరుసగ వెనుక గేటు దిక్కు పోతున్నరు, కల్ప నేర్పినట్టే, తొక్కుకోకుండ, ఉరకకుండ. మధుసూదన్ సారు ఒక్కడే ఉరుకుతుండు. "పోలీసుకు ఫోన్ చెయ్యకు! పేపర్ల పడితే అడ్మిషన్లు ఉంటయా? నీ కోర్సు పుణ్యాన కాలేజీ మునిగేటట్టుంది!"

"చెయ్యకుండ ఉండ సర్" అన్నది కల్ప. "అంతకుముందు ఒక్కసారి అడుగుత."

మైకు తీసుకొని గేటు కాడికి వచ్చింది. "మూడు తొవ్వల కాడ ఆకుపచ్చ సంచి ఎవరిదైనా ఉంటే చెప్పండి. ఎవ్వరు ఏమనరు. మీదైతే చెప్పండి చాలు."

ఆకుపచ్చ సంచి.

అది మా దిష్టి. నోరు తెరిస్తే దిష్టి తిరిగి నా బిడ్డకే తగులుతది. తెరవకుంటే పోలీసులొస్తరు, కుక్కలొస్తయి, పేపరోళ్లొస్తరు, గురిగిల నిమ్మకాయ దొరుకుతది. భద్రత పాఠం చెప్పే డాక్టర్ ఇంటి దిష్టి అని ఊరంత నవ్వుతది. ఎటు చూసినా బిడ్డకే. కల్ప ఫోన్ తీసింది. పోలీసు నంబరు నొక్కబోయింది.

లేచి పోయిన. "నాది" అన్న.

కల్ప నా దిక్కు చూసింది. "బాపూ?"

"దిష్టి. మీ అమ్మ."

మధుసూదన్ సారు నెత్తి పట్టుకున్నడు. రామభద్రరావు సారు మాత్రం నా దిక్కు నిదానంగ చూసిండు. "మీదేనా పెద్దాయనా? ఖాయమా?"

"నా పెండ్లామే కుట్టింది సర్ సంచి."

"అయితే పదండి. మీరే తీసి చూపించండి."

పోయిన. పాన్ డబ్బా జకర్యా, కాపలా పోరగాండ్లు, కల్ప, సారు అందరు దూరంగ నిలబడ్డరు. దిష్టి పెట్టి తిరిగి చూడొద్దన్నది ఎల్లమ్మ. తిరిగి చూసుడేంది, ఇప్పుడు ఎదురుంగ కూసొని మూతి ఇప్పుతున్న. గురిగి కోసం చెయ్యి పెట్టిన. చేతికి గిన్నె తగిలింది. మూత తీసిన.

బగారన్నం. పక్కన చిన్న డబ్బల గోంగూర మాంసం. వాసన పాన్ డబ్బాదాక పోయింది.

"యా అల్లా" అన్నడు జకర్యా. "గిదా బాంబు? నాకు తెలిస్తే ఎప్పుడో ఖాళీ చేద్దును!"

నవ్వులు మొదలైనయి. ముందు పోరగాండ్లు, తర్వాత జకర్యా, ఆఖరుకు కల్ప. నవ్వుతుంటే దాని కండ్లల్ల నీళ్లు. నాకు బస్సుల కడ్డీ యాదికొచ్చింది.

"మరి దిష్టి ఏడుంది బాపూ?"

"నీ బల్ల మీద."

కల్ప అక్కడనే మెట్టు మీద కూలబడి నవ్వింది. నేను మూత పెట్టి సంచి పట్టుకొని లేచి నిలబడ్డ.

మధుసూదన్ సారు వచ్చిండు. "చూశిన్రా సర్? లైబ్రరీల పెట్టింది ఎవ్వరికి దొరకలే. అన్నం గిన్నెకు కాలేజీ ఖాళీ చేసిన్రు. ఇదండీ వీళ్ల చదువు."

రామభద్రరావు సారు ఆయన దిక్కు చూడలే. జకర్యాను పిలిచిండు. "చాలాసేపటి నుంచి ఉందన్నావు కదా. ఎవరికీ చెప్పలేదేం?"

"మూడు తొవ్వల కాడ సంచి అంటే దిష్టిదే గద సాబ్. అందరు పక్కకెళ్లి పోతున్నరు. నేను సుత ఇంటి నుంచి వస్తు చుట్టు తిరిగొచ్చిన. మనకెందుకు తక్లీఫ్?"

సారు తల ఊపి కల్ప దిక్కు తిరిగిండు. "ఏమ్మా, నువ్వు చెప్పు. ఇంతమంది చూసి ఎందుకు చెప్పలేదు?"

కల్ప కండ్లు తుడుచుకొని లేచింది.

"నా పాఠంల తప్పుంది సర్. ఎవరిదో తెల్వని వస్తువు కనపడితే జనానికి అనుమానం వస్తది, వచ్చి చెప్తరు అని నేను పుస్తకాలల్ల ఉన్నట్టే చెప్తున్న. మా దగ్గర అనుమానం రాదు. భయం వస్తది, దాటకుండ పక్కకు పోతరు. చెప్పుడు కాదు, దాని మాట ఎత్తుడే మంచిది కాదనుకుంటరు. పాఠం ఇక్కడి నుంచి మొదలు పెట్టాలె. నేను లైబ్రరీ నుంచి మొదలు పెట్టిన."

"మరి వీడెలా చెప్పాడు?" విజయేందర్ భుజం మీద చెయ్యేసిండు సారు.

వాడు నెత్తి గోక్కున్నడు. "ముందుగాల్ల నేను సుత పక్కకెళ్లే పోయిన సర్. నాలుగు అడుగులు పోయినంక తట్టింది. దిష్టిని పాత చాటలనో గురిగిలనో పెడ్తరు. మంచి సంచి ఎవడు పోగొట్టుకుంటడు? ఎప్పటి తీరు కానిది చూడండని మేడం రోజూ చెప్తది గద. నాకైతే సంచి మీదనే అనుమానమొచ్చింది."

ఎల్లమ్మ చెప్పినట్టు గురిగి తీసి పెట్టుంటే ఎవడు చూడకపోతుండె. సంచితోనే పెట్టించింది నా సిగ్గు.

సారు గట్టిగ నవ్విండు. నవ్వి, కారు దిక్కు చెయ్యి చూపించిండు. "అదుగో మా సూరి, డ్రైవర్. వచ్చేటప్పుడు ఆ సంచి చూసి కారు పక్కకు కోశాడు. దిష్టండీ అన్నాడు. ఆఁ, దిష్టే అనుకున్నాను. ఇన్నేళ్లు పోలీసు ఉద్యోగం చేశాను. మాది తుని దగ్గర పల్లె. దిష్టి దాటకురా అని మా అమ్మ చెప్పిన మాటే నిలబడింది గాని, నేను నేర్చుకున్న ఒక్క ముక్కా ఆ నిమిషంలో పని చెయ్యలేదు." కల్ప దిక్కు తిరిగిండు. "నీ కుర్రాడికి పని చేసింది."

కల్ప విజయేందర్ నెత్తి మీద చిన్నగ ఒక్కటి కొట్టింది, రేపటి నుంచి టైముకు రా అని.

"మధుసూదన్ గారూ" అన్నడు సారు. "ల్యాబుకి గోడ ఇంకోవైపు కొట్టుకోండి. ఈ గది ఇలాగే ఉంటుంది. నేను రాసేది అదే. ఏమ్మా, ఇవాళ నాతో అన్నదంతా పాఠంగా రాసుకో. రాశాక నాకూ పంపు, నేనూ చదువుకుంటాను."

మధుసూదన్ సారు పూల గుచ్ఛం ఎవరికియ్యాలెనో తెల్వక అటు ఇటు చూసి సూరి చేతుల పెట్టిండు.

కల్ప నా చేతిల సంచి గుంజుకుంది. "ఆకలైతుంది బాపూ, మాంసం చల్లారిపాయె." సారుకు సుత రెండు ముద్దలు పెట్టింది. గోంగూర బాగుందని ఆయన వేళ్లు నాకిండు. జకర్యాకు ముక్క పోయింది. విజయేందర్ అడగకముందే తిన్నడు. లైబ్రరీల నల్ల సంచి అట్లనే బల్ల కింద ఉండెనట. సాయంత్రం ఊడ్చేటామె చూసి, ఎవరో మర్చిపోయిన్రని అలమారల దాచిందట.

గురిగి నేనే ఇంటికి తెచ్చిన. ఎవరికీ కనపడకుండ సంచిల పెట్టుకొని, బస్సుల ఒళ్లె పెట్టుకొని.

గడపల ఎల్లమ్మ చెంబుతోని నిలబడ్డది. కాళ్ల మీద నీళ్లు పోసింది.

"పెట్టినవా?"

"ఊఁ."

"తిరిగి చూసినవా?"

కాళ్లు ఒకదానితోని ఒకటి రుద్దుకున్న.

"నోరు తెరిచినవా ఏంది?" కల్ప అప్పటికే ఫోన్ చేసి గది దక్కిందని చెప్పిందట, ఎల్లమ్మ ముఖం దీపం లెక్కనుంది. అయినా అడుగుతుంది. "ఆఁ? మాట్లాడినవా?"

"ఒక్క మాట."

"ఏం మాట?"

"నాది అన్న."

ఎల్లమ్మ నా చేతిలున్న సంచి చూసింది. బరువు చూసింది. లోపల గురిగి సప్పుడైంది. తిడుతదనుకున్న. చెంబు కింద పెట్టి నవ్వుకుంట లోపలికి పోయింది.

"దిష్టి ఎట్ల పోయిందయ్యా మరి?"

"అందరి నవ్వులల్ల కొట్టుకపోయింది" అన్న. ఒక్క మాటే అని ఎల్లమ్మకు చెప్పిన గాని, ఆ రోజు నేను చాలా ఎక్కువే మాట్లాడిన. మంచం మీద పండుకుంటే కండ్లు వెంటనే మూతపడ్డయి.