కొలనుకు అద్దం పాలిష్

మా ఆయన సీతారామాంజనేయులు గారు ఉద్యోగమంతా కాలవల మీదే చేశారు. నీటిపారుదల శాఖలో ఇంజనీరు. తవ్వించని కాలవ లేదు, కట్టించని తూము లేదు. అలాంటి మనిషి, హఫీజ్‌పేట్‌లో మేం కొన్న ఇంటి పెరట్లో ఈతకొలను చూడగానే అన్న మొదటి మాట, దీన్ని మట్టితో పూడ్పించేస్తే మునగా కరివేపాకూ బ్రహ్మాండంగా వస్తాయని. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ ఇల్లు దుబాయిలో ఉండొచ్చిన ఒకాయన ముచ్చటపడి కట్టించుకున్నది. మేం కొనేసరికి కొలను అవతారం చూడలేకుండా ఉంది. నీలం రంగు పొరలు పొరలుగా లేచిపోయింది, గోడలు పెచ్చులూడాయి, అడుగున ఎండుటాకుల మధ్య తొండలు కాపురం పెట్టాయి. అయినా నాకు అదే నచ్చింది. నిజం చెప్పాలంటే ఇల్లు నాకు నచ్చనే లేదు, ఆ గుంట చూసే సరే అన్నాను.

నేను కోనసీమలో కాలవ గట్టున పుట్టాను. మా అన్నదమ్ములు వంతెన మీంచి దూకి నీళ్లలో దొర్లుతుంటే, రేవు మెట్ల మీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాయడం నా పని. ఆడపిల్లకి ఈతెందుకే అనేది మా నానమ్మ. యాభై దాటినా ఆ మాట నాకు అరగలేదు. ఎన్నో కోరికలు వచ్చాయి, పోయాయి గానీ నీళ్లలో కాళ్లు నేలకు ఆనకుండా ఉండాలన్న కోరిక మాత్రం నన్ను వదల్లేదు.

రోజూ పూడ్చాలంటారు ఆయన, వద్దంటాను నేను. చివరికి ఒక సాయంత్రం కాఫీ తాగుతూ మా ఆయన పందెం వేశారు. ఉగాది నాడు నేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదితే గుంట నాది. ఈదలేకపోతే మర్నాడే మట్టి లారీ వస్తుంది. మా అబ్బాయి ఆదర్శ్ సాక్షి. వాడు మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి మేడలో పనిచేసేవాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా చూడటం వాడి ఉద్యోగం. వాటి సంగతి నేను చూసుకుంటాను గానీ మీ ఇద్దరి తికమక నా వల్ల కాదు అని నవ్వి, సాక్షికి మాత్రం ఒప్పుకున్నాడు.

కొలను బాగుచేయడానికి పుప్పాలగూడ నుంచి ఎల్లేశం మేస్త్రి వచ్చాడు. చుట్టుపక్కల కొత్తిళ్లలో సగం మొజాయిక్ గచ్చులు ఆయన చేతివే. ఈతకొలను మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ సంగతి అడిగితే కాస్త నొచ్చుకున్నాడు. "గచ్చు గచ్చేనమ్మా. మీద మంచమేస్తే ఏంది, నీళ్లు పోస్తే ఏంది," అన్నాడు. ఆ ధీమా మా ఆయనకు తెగ నచ్చింది.

పాత పొరంతా చెక్కి పారేశాక ఇంట్లో అసలు యుద్ధం మొదలైంది. ఆదర్శ్‌కి స్టార్ హోటళ్లలోలా నీలం టైల్స్ కావాలి. మా ఆయనకు ఉత్త సిమెంటు చాలు, ఎలాగూ పూడ్చేదానికి సోకులెందుకని. నాకు మా కాలవ రంగు కావాలి. నీళ్లకి రంగుండదమ్మా అని వాడు ఇంగ్లీషులో పాఠం చెప్పబోయాడు. మా కాలవకి ఉంది, నువ్వు చూడలేదంతే అన్నాను.

తెల్ల సిమెంటులో ఆకుపచ్చ రాతి చిప్స్ కలిపి మొజాయిక్ వేద్దామని ఎల్లేశమే దారి చూపించాడు. ముదురు, లేత, నడిమి రకాలు మా ఇంటి పాత సత్తు పళ్లేల్లోనే పోసి, ఆరాక నీళ్లలో నానబెట్టి చూడమన్నాడు. పొడిగా ఉన్నప్పటి రంగు వేరు, తడిసినప్పటి రంగు వేరు. దాంతో నా వంటగది నిండా నమూనాలే. ఆఫీసు నుంచి ఆకలి మీద వచ్చిన ఆదర్శ్, గట్టు మీదున్న పళ్లెం చూసి పిస్తా పలుకులు వేసిన పాలకోవా అనుకుని చెంచా గుచ్చాడు. చెంచా వంగింది. ఆ పళ్లెంలో రంగే నేను ఖాయం చేశాను, అంత నోరూరించింది కాబట్టి.

మొజాయిక్ అనగానే మా ఆయన మనిషే మారిపోయారు. మా అత్తవారింట్లో గచ్చంటే అందులో ముఖం కనిపించాలి. కోడలు నేల తుడిచాక మా అత్తగారు వంగి తన బొట్టు చూసుకునేవారు, కనిపించకపోతే మళ్లీ తుడవాల్సిందే. ఆ కడుపున పుట్టిన మనిషి కదా, పూడ్చే సంగతి పక్కనపెట్టి పొద్దస్తమానం పాలిష్ గురించే మాట్లాడసాగారు.

ఆ పని ముగిసేలోగా నేను నా పని మొదలుపెట్టాను. పక్కింటి బుచ్చమ్మ హఫీజ్‌పేట్ ఊరి మనిషే, గేదెలు కాస్తుంది, గొంతు రైలు కూతకన్నా పెద్దది. చిన్నప్పుడు పొలం బావిలో వీపుకి సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చిందట. నీళ్లు లేని కొలనులో ఒక పొడుగాటి బల్ల వేయించి, దాని మీద నన్ను బోర్లా పడుకోబెట్టింది. చేతులు ముందుకు చాచాలి, నీళ్లను వెనక్కి నెట్టాలి, కాళ్లు కప్పలా తన్నాలి. పక్క మేడ మీద వడియాలు పెడుతున్న ఆవిడ పిండి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు సిగ్గేయలేదు. చిన్నపిల్లలా కేరింతలు కొట్టాలనిపించింది.

"కాళ్లు ఆడియ్యక్కా, గట్టు దగ్గరికొచ్చినవు," అనేది బుచ్చమ్మ. బల్ల అంగుళమైనా కదిలేది కాదు. అయినా నేను వచ్చేశాననే నమ్మేదాన్ని.

ఎల్లేశం పాలిష్ మిషన్‌తో ముతక రాయి, సన్న రాయి, అంతకన్నా సన్న రాయి వేసి రుద్దించాడు. మా ఆయన అంతటితో తృప్తి పడక ఇంకోసారి పట్టించమన్నారు. ఆఖరికి కొలనులో దిగి, జేబులోంచి దువ్వెన తీసి, కింద గచ్చులో చూసుకుంటూ మీసం దువ్వుకున్నారు. నేనూ దిగి చూసుకున్నాను. ఆకుపచ్చ చిప్స్ మధ్య నా ముఖం, దాని వెనక ఆకాశం. పొడిగా ఉన్న గచ్చు మీద మేమంతా అటూ ఇటూ నడిచి మురిసిపోయాం. ఇంజనీరూ మేస్త్రీ కంప్యూటరు కుర్రాడూ నేనూ, ఇంతమందిలో ఒక్కరికీ ఇది తడిస్తే ఏమవుతుందో తట్టలేదు.

ఉగాది వచ్చింది. బోరు నీళ్లు నింపించాం. అడుగున ఆకుపచ్చ మెరిసి, అచ్చం మా కాలవ వచ్చి పెరట్లో పడుకున్నట్టే ఉంది. గట్టుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాను. తలంట్లు ముగించుకుని నేనూ ఆదర్శూ, పండక్కి పిలిచిన బుచ్చమ్మా ఎల్లేశమూ పచ్చడి తిన్నాం. మా ఆయన మాత్రం పండగ తలంటు కొత్త కొలనులోనే అని పట్టుబట్టి, ఒంటి నిండా నువ్వుల నూనె పట్టించుకుని, లుంగీ బిగించి, నీటిమట్టం సరిచూస్తానంటూ ముందుగా దిగారు.

ఆఖరి మెట్టు దాటి నేల మీద పాదం పెట్టారో లేదో, కాలు సర్రున జారింది. లేచారు, మళ్లీ జారారు. మెట్ల పక్క ఇనుప కడ్డీని రెండు చేతులా వాటేసుకున్నారు గానీ కాళ్లు మాత్రం ఆయన మాట వినడం మానేశాయి. పట్టుకుందామని ఆదర్శ్ దిగి, వాడూ జారి, నవ్వాపుకోలేక నీళ్లు మింగాడు. బుచ్చమ్మ చీర గోచీ పోసుకుని దూకింది, ఆవిడకి ఈతొచ్చు కాబట్టి సరిపోయింది గానీ ఆవిడా నిలబడలేకపోయింది. నీళ్లు రొమ్ముల దాకానే ఉన్నా నిలబడే వీలు ఎవరికీ లేదు. గట్టు మీదున్న ఎల్లేశం తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

నేను వీపుకి సొరకాయ బుర్రలు కట్టుకుని మెట్ల మీదున్నాను. మొదట కాసేపు కడ్డీ పట్టుకుని నిలబడి, ధైర్యం వచ్చాక ఈదాలని నా ఏర్పాటు. నిలబడటమే లేదంటే నా ఏర్పాటంతా గల్లంతే. భయమేసింది. బాగా భయమేసింది.

"రాజ్యం, దిగకు," అన్నారు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పందెం లేదు, ఏమీ లేదు. నువ్వు దిగకు."

ఆ మాటతో నాకు రోషం వచ్చింది. రేవు మెట్లు గుర్తొచ్చాయి, చొక్కాల కుప్ప గుర్తొచ్చింది. దిగాను. కాలు జారింది. బుర్రలు నన్ను పైకి లేపాయి, కాళ్ల కింద ఏమీ లేదు. అప్పుడు బల్ల మీద నేర్చిన చేతులు వాటంతట అవే చాచుకున్నాయి. నీళ్లను నెట్టాను, కప్పలా తన్నాను. ఈసారి బల్ల కదిలింది. ముక్కులోకి నీళ్లు పోయాయి, కొప్పు ఊడిపోయింది, బుచ్చమ్మ పక్కనే ఈదుతూ కేకలు వేస్తోంది. ఎదురుగా పసుపు రాసిన గట్టు దగ్గరికొచ్చి నా చేతికి తగిలింది. నేను ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో తెలియదు.

మళ్లీ ఇవతలికి ఈదుకుంటూ వచ్చేసరికి ఆయన ఇంకా కడ్డీ పట్టుకునే ఉన్నారు. నూనె ఆయన చుట్టూ తెట్టులా తేలుతోంది.

"గుంట నీదే," అన్నారు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా, "నాకు ఈత రాదు రాజ్యం," అన్నారు.

"మరి అన్ని కాలవలు తవ్వించారు కదండీ?"

"గట్టు మీద నుంచే తవ్వించాను." కడ్డీ మీది చేతులు తీయకుండానే అన్నారు, "ఈ ఇల్లు కొన్నప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. నువ్వు దీంట్లో పడితే నిన్నెలా తీయాలో నాకు తెలీదు."

మునగా కరివేపాకూ అన్నందుకు ఇన్నాళ్లూ ఆయన మీద పళ్లు నూరిన కోపమంతా ఒక్కసారి కరిగిపోయింది. నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, అంత నూనెలోనూ గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం జారాం.

పండగ వెళ్లిన మర్నాడే ఎల్లేశం ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చాడు. "జర టైమియ్యిండ్రమ్మా, అంతా గరుకు చేస్త. ఇగ ఎవ్వరూ జారరు," అన్నాడు.

ఇప్పుడే వద్దని చెప్పి టీ ఇచ్చి పంపేశాను. పెరట్లో మా ఆయన సొరకాయ బుర్రలు కట్టుకుని కడ్డీ పట్టుకుని నాకోసం చూస్తున్నారు. నేలకు కాలానితే ఆ మనిషి ఈ జన్మలో ఈత నేర్చుకోరు. గరుకు సంగతి ఆయన ఆ గట్టు చేరాక చూద్దాం.