చుక్కి గిట్ట మీది గీత

చుక్కిని ఇచ్చెయ్యాల్సిన రోజు అది.

చుక్కి చౌడప్ప గుర్రం. తొమ్మిదేళ్ల ఆడగుర్రం, ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. కుందుర్పి చుట్టుపక్కల ఏ పల్లెలో పెళ్లికొడుకు ఊరేగాలన్నా దాన్నే పిలిచేవాళ్లు. చౌడప్ప భార్య మహేశ్వరి రెండు నెలల కిందట అనంతపురం ఆసుపత్రిలో చనిపోయింది. పోవడానికి నాలుగు రోజుల ముందు మొగుడి దగ్గర ఒక మాట తీసుకుంది. చుక్కిని తన తమ్ముడు తిప్పేష్‌కు ఇచ్చెయ్యాలని. ఆమె చేతికి సూది గుచ్చి ఉంది. ఆ చెయ్యి కదలకుండా పట్టుకుని చౌడప్ప సరేనన్నాడు.

ఉగాది దాటినాక వచ్చి తోలుకుపోతానన్నాడు తిప్పేష్. ఈ ఏడు ఆ ఇంట్లో ఉగాది జరగలేదు. క్యాలెండర్‌లో మాత్రం దాటిపోయింది.

ఇచ్చే వస్తువును సరిగ్గా ఇవ్వాలనేది చౌడప్ప పద్ధతి. అందుకని ఆ పొద్దున అజ్మతుల్లాను పిలిపించాడు. ఆయన తాత గుర్రాల గిట్టలకు లాడాలు కొట్టేవాడు. జట్కాలు పోయాయి, వాటితో పాటు లాడాలూ పోయాయి. అజ్మతుల్లా పంచర్ షాపు పెట్టుకున్నాడు. కానీ కత్తి, ఆకురాయి అమ్ముకోలేదు. రెండు నెలలకోసారి వచ్చి చుక్కి గిట్టలు చెక్కి, అంచులు రాసి, టీ తాగి పోయేవాడు. మహేశ్వరి మంచం పట్టాక ఆయన్ను పిలిచినవాళ్లు లేరు.

"ఏమప్పా చౌడన్నా, ఒకసారి నడిపించు దాన్ని," అన్నాడు మోపెడ్ స్టాండు వేస్తూ.

చౌడప్ప కట్టెవాము దగ్గర నుంచి గుర్రాన్ని విప్పుకొచ్చాడు. కాయలు రాల్చుకున్నాక ఎండిన వేరుశనగ కట్టెను గుర్రం మేతకు వేసిన వాము అది. దాని మీద నీలం టార్పాలిన్ పట్ట కప్పి ఉంది. పోయిన దసరా వానకు కప్పింది కప్పినట్టే ఉంది. వాకిలంతా గులకరాళ్లు. బాగున్న గుర్రం నడుస్తుంటే మడమ ముందు ఆనుతుంది, ఆ తర్వాత గిట్ట కొన. చుక్కి ముందరి కుడికాలు కొన మీద పెట్టి, వెంటనే ఎత్తేస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్ల?"

"నాలుగు దినాలు. ముల్లు ఇరిగిందేమో అనుకున్యా."

"ఎత్తి సూల్యా?"

"సూల్యా."

చౌడప్ప కాలెత్తి చూడలేదు, చూసే అలవాటూ లేదు. గిట్టలు శుభ్రం చెయ్యడం ముప్ఫై నాలుగేళ్లుగా మహేశ్వరి పని. విరిగిన కొడవలి మొనను కొలిమిలో వంచి కొక్కెం చేయించుకుంది. పిడికి తన పాత ఆకుపచ్చ చీర పేలిక చుట్టుకుంది. పొద్దున నాలుగు కాళ్లు, సాయంత్రం నాలుగు కాళ్లు ఎత్తి, సందుల్లో ఇరుక్కున్న రాళ్లు, పేడ గీకేది. ఆమె పోయాక ఆ కొక్కెం గోడకు వేలాడుతూనే ఉంది. చౌడప్ప దాన్ని ముట్టుకోలేదు. గుర్రానికి నీళ్లు పెట్టాడు, కట్టె వేశాడు. అంతే.

ఇప్పుడు కొక్కెం తీసి అజ్మతుల్లా చేతికిచ్చాడు.

అజ్మతుల్లా కాలు ఎత్తి తన మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. రెండుసార్లు గీకాడు. ఆగాడు. బొటనవేలితో గిట్ట అంచు తడిమాడు.

"అన్నా, నువ్వు లాడాలు కొట్టిచ్చినావా దీనికి?"

"నోరుండాది కదా అని ఏదంటే అది మాట్లాడొద్దు సాయిబూ."

ఆ మాటకు చౌడప్పకు కోపం రావడానికి కారణం ఉంది. వాళ్ల నాయన బయ్యన్న కళ్యాణదుర్గం రోడ్డు మీద జట్కా తోలేవాడు. ఒకసారి లాడం మొల గిట్ట లోపలి మాంసంలోకి దిగింది. వారం తిరక్కుండా గుర్రానికి దవడలు బిగుసుకుపోయాయి. నాలుగు కాళ్లు కొయ్యల్లా చాచి చచ్చిపోయింది. అప్పుడు చౌడప్పకు పదేళ్లు. మా ఇంట్లో గుర్రానికి మళ్లీ ఇనుము తగలదని బయ్యన్న ఆ రోజే అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో మూడు గుర్రాలు పెరిగాయి. మూడూ ఉత్తకాళ్లతోనే ఈ రాళ్లలో తిరిగి గిట్టలు గట్టిపరచుకున్నాయి. పెళ్లివాళ్లు లాడం చప్పుడు కావాలంటే వేరే గుర్రం చూసుకోండని చౌడప్ప ముఖం మీదే చెప్పేవాడు.

"తిట్టేది తర్వాత తిడుదువు. ముందు వచ్చి సూడు," అన్నాడు అజ్మతుల్లా.

చౌడప్ప వంగి చూశాడు. గిట్ట అంచున ఎలుక కొరికినట్టు గాట్లు ఉన్నాయి. ఒక పక్క మూడు, ఇంకో పక్క మూడు. ఒక్కో గాటూ సగం బెజ్జం. మిగతా సగం అరిగిపోయింది.

"మొలల బెజ్జాలు. ఇంగో పదైదు దినాలు పోయింటే అరిగిపోయి నువ్వూ కనుక్కోలేవు, నేనూ కనుక్కోలేను. ఇంగ ఇది సూడు." అజ్మతుల్లా గిట్ట పైభాగం చూపించాడు. వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే చోటికి ఒక వేలు వెడల్పు కిందుగా అడ్డంగా ఉబ్బిన గీత ఉంది. "తిండి పెంచి, తారు రోడ్డు మింద ఎగిరిచ్చినారు. అప్పుడు పడ్డ గీత ఇది. నెలకు ఎంత దిగుతాది గిట్ట?"

"అర్ధ వేలు," అన్నాడు చౌడప్ప.

ఆ లెక్క ఆయనకు తెలుసు. ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఎండాకాలం మేత తగ్గినా, జ్వరం వచ్చినా గిట్ట మీద గీత పడుతుంది, ఎన్ని వేళ్లు దిగిందో చూస్తే ఎప్పటిదో చెప్పొచ్చు అని. తిప్పేష్‌కు కూడా ఆయనే నేర్పించాడు.

నెలకు అర్ధ వేలు. ఒక వేలు దిగింది. రెండు నెలలు.

రెండు నెలల కింద చౌడప్ప ఇక్కడ లేడు. ఆసుపత్రి వరండాలో ఇరవై ఆరు రోజులు పడుకున్నాడు. ఇక్కడ ఉన్నది తిప్పేష్. ఇల్లు, గుర్రం రెండూ వాడికి అప్పజెప్పి పోయాడు. మహేశ్వరి శవంతో తిరిగొచ్చిన రోజు, అంత ఏడుపులోనూ చౌడప్ప ఒకటి గమనించాడు. చుక్కి గిట్టలు నూనె పూసి నిగనిగలాడుతున్నాయి. ఇంత దుఃఖంలో కూడా పిల్లోడు గుర్రాన్ని మరవలేదనుకున్నాడు. తిప్పేష్ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక చౌడప్ప ఒకరి భుజం మీద ఏడ్చింది అదొక్కసారే.

అజ్మతుల్లా కత్తి మొనతో ఒక బెజ్జం వెంట లోపలికి గీకుతూ పోయాడు. నల్లటి నీరు చిమ్మింది. కంపు కొట్టింది. చుక్కి ఒళ్లంతా ఒక్కసారి వణికి, తల కిందికి దించింది.

"బెజ్జంలో ఇసుక పోయి సీము పట్టింది. ఇంగ నొప్పి తగ్గుతాది. ఉప్పునీళ్లలో కాలు పెట్టి కట్టు కట్టు. డాక్టర్‌తో సూది కూడా ఏపిచ్చు."

"నడుస్తాదా?"

"నడుస్తాది. ఎవరూ ఎక్కకుండా ఊరికే తిరగనీ. కానీ అన్నా, మళ్లీ ఈ కాలికి మొల దిగితే ఈ పక్కంతా పెచ్చు ఊడొస్తాది. అప్పుడు నన్ను పిలవాకు."

అప్పుడే వాకిట్లో టాటా ఏస్ ఆగింది. తిప్పేష్ దిగాడు. నలభైకి దగ్గరపడినవాడు, కొత్త చొక్కా. చేతిలో గజ్జెలు కుట్టిన ఎర్ర కళ్లెం. వాడు ఆరేళ్ల వాడుగా ఉన్నప్పుడు తల్లి పోతే మహేశ్వరే తెచ్చుకుని పెంచింది. ఆమెకు పిల్లలు లేరు.

"బావా, బండి తెచ్చినా. ఏమి సాయిబన్నా, బాగుండావా? పంచర్లు బాగా పడతాండాయా?"

"దేవుని దయ. ఈ పొద్దు గుర్రానికే పంచర్ పడింది," అన్నాడు అజ్మతుల్లా.

తిప్పేష్ నవ్వబోయి, కిందున్న నల్ల నీరు చూసి ఆగాడు.

"చుక్కి కుంటుతాండాది," అన్నాడు చౌడప్ప.

"ముల్లేమో బావా."

"ఆరు ముండ్లు. ఇట్ల మూడు, అట్ల మూడు."

తిప్పేష్ అజ్మతుల్లా వైపు చూశాడు. "ఏమి సెప్పినావు ఈయనకు?"

"నేనేమీ సెప్పల్యా. గిట్ట సెప్పింది."

"ఎన్ని పెండ్లిండ్లు రా?" అన్నాడు చౌడప్ప.

"బావా, అది..."

"ఎన్ని?"

"పదకొండు."

"మీ అక్క ఆడ ఇరవై ఆరు దినాలు పండుకోనుంటే నువ్వు పదకొండు పెండ్లిండ్లలో ఎగిరిచ్చినావు."

"టౌనోళ్లు ఊరికే నడిచే గుర్రాన్ని అడగరు బావా. డీజే ముందర డాన్సు చెయ్యాల. తారు రోడ్డు మింద టకటక అనాల. లాడం లేకుంటే ఇది గుర్రమా గాడిదా అంటారు. నువ్వు ఎప్పుడూ ఒప్పుకోవు. ఒక్కసారి సూద్దామని..."

"ఒక్కసారి కాదు. పదకొండు సార్లు."

తిప్పేష్ కళ్లెం ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. గజ్జెలు మోగాయి. తల వంచుకునే అన్నాడు.

"అక్కకు తెలుసు."

చౌడప్ప ఒక అడుగు ముందుకు వేశాడు. "ఏమంటివి?"

"అక్కకు తెలుసు బావా. నాకే మనసొప్పక ఫోన్‌లో సెప్పినా. బాగా తిట్టింది. తీసేయ్, ఇప్పుడే తీసేయ్ అనింది. ఆ పొద్దే పీకిచ్చినా. బెజ్జాలు కనపడకుండా నూనె పూయమన్యాది కూడా అక్కే."

"సచ్చినామె మింద పెడతావా? ఆమె లేచొచ్చి కాదని సెప్పదనా?"

"అమ్మతోడు బావా."

అబద్ధమని అనడానికి చౌడప్ప నోరు తెరిచాడు. కానీ ఆ ఫోను ఆయనకు గుర్తుకొచ్చింది. మహేశ్వరి చేతికి సూది ఉండబట్టి రోజూ ఆయనే ఫోను ఆమె చెవి దగ్గర పెట్టి పట్టుకునేవాడు. అవతలి గొంతు ఆయనకు వినిపించేది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె చాలాసేపు వింటూనే ఉంది. తర్వాత గట్టిగా, "తీసేయ్. ఇప్పుడే తీసేయ్," అంది. ఫోను పెట్టేశాక ఆయన అడిగాడు, ఏంది తీసేసేది అని. వాము మీద పట్ట, అంది ఆమె. గాలి తగలక కట్టె బూజు పడుతుందట. సరేననుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రమే చుక్కిని తమ్ముడికి ఇచ్చెయ్యమని మాట తీసుకుంది.

చౌడప్ప వాము వైపు చూశాడు. నీలం పట్ట దసరాకు కప్పినట్టే ఉంది. రెండు నెలలుగా రోజూ ఆ పట్ట పైకెత్తి, దాని కింద నుంచే కట్టె లాగి గుర్రానికి వేస్తున్నాడు.

తన తర్వాత ఆ కొక్కెం ఈయన పట్టుకోవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. కాలెత్తితే చూస్తాడని తెలుసు. చూస్తే తమ్ముణ్ణి గడప తొక్కనివ్వడనీ తెలుసు. అందుకే చూడకముందే గుర్రం ఇల్లు దాటిపోవాలనుకుంది. ముప్ఫై నాలుగేళ్లలో చౌడప్ప ఆమె దగ్గర ఒక బీడీ కూడా దాచిపెట్టి తాగలేదు. ఆమె ఆఖరుకు ఆయన చేత చేయించిన ప్రమాణం తమ్ముడి తప్పు కప్పడానికి.

"బావా," అన్నాడు తిప్పేష్ మెల్లగా. "ఇంగ లాడం కొట్టను. నువ్వు అక్కకు మాటిచ్చినావు."

"ఇచ్చినా."

"మరి తోలుకుపోదునా?"

చౌడప్ప అజ్మతుల్లా దగ్గరికి వెళ్లి ఆయన చేతిలోంచి కొక్కెం తీసుకున్నాడు. మొనకు అంటిన నల్ల మురికి పంచె అంచుతో తుడిచాడు. చీర పేలిక చుట్టిన పిడి తిప్పేష్ వైపు పెట్టి అందించాడు.

"ఇది మీ అక్కది. తీస్కపో."

"గుర్రం?"

"గుర్రం నాది."

"మాట తప్పుతావా బావా? సచ్చిపోయినామెకిచ్చిన మాట."

"తప్పుతా."

తిప్పేష్ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, ముక్కు చీదుకుంటూ. చౌడప్ప ఆ వైపు చూడకుండా చుక్కి కాలికి కట్టు కట్టడానికి గుడ్డ చింపుతూ నిలబడ్డాడు. కాసేపటికి టాటా ఏస్ రివర్సు తీసుకున్న చప్పుడు వినిపించింది. గజ్జెలు దూరం దాకా మోగాయి.

అజ్మతుల్లా ఆకురాయి సంచిలో వేసుకున్నాడు. "అన్నా, ఆయమ్మను తప్పు పట్టుకోవాకు. పెంచిన చెయ్యి కదా."

"నీ పని అయిపోయిందా సాయిబూ?"

"అయిపోయింది."

"టీ లేదు ఈ పొద్దు."

అజ్మతుల్లా మోపెడ్ స్టార్ట్ చేసుకుని పోయాడు.

చౌడప్ప వాము ఎక్కాడు. ఏడు నెలలు ఎండకు ఎండి పట్ట అప్పడంలా పెళుసుబారింది. లాగితే చినుగుతూ వచ్చింది. కట్టెకు ఎక్కడా బూజు లేదు. దిగి, ఆ పట్టను ఇంట్లోకి తీసుకుపోయి మహేశ్వరి పడుకునే మంచం మీద పడేశాడు.

"ఇదో, తీసేసినా," అన్నాడు పైకే.

సాయంత్రం ఉప్పునీళ్లు కాచి, చేత్తో వేడి చూసి, బొక్కెనలో చుక్కి కాలు పెట్టించాడు. కాలు తీశాక అరికాలి సందుల్లో ఇంకా గులకరాళ్లు ఉన్నాయి. గీకడానికి కొక్కెం లేదు. బొటనవేలి గోటితో ఒక్కొక్కటే తవ్వి తీశాడు. గోరు చివర రక్తం వచ్చింది. గిట్ట మీది గీత మీద వేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి నేల దాకా కొలిచాడు. ఇంకా నాలుగు వేళ్లుంది. ఆ గీత అరిగిపోవడానికి ఎనిమిది నెలలు.

ఆ కాలు దించి రెండో కాలు ఎత్తాడు.