మెత్తని బొగ్గు

పెద్ద సరస్సు పడమటి గట్టున ఉన్న ఆ కొండ మీద ఇక బతకలేమని తేలిపోయింది. జొన్న మోకాలెత్తు దాటడం లేదు. గట్టి చెట్లన్నీ ఇనుపకొలిమికి బొగ్గయిపోయాయి. వాన పడితే చాలు, ఎర్రమన్ను సరస్సులోకి జారుతోంది. జనం దక్షిణపు అడవికొండలకు పోవడానికి మూటలు కడుతున్నారు.

చనిపోయినవారి పొయ్యిరాయిని వెంట మోసుకుపోవడం వాళ్ళ ఆచారం. రాయి వెనకే ఉండిపోతే ఆ మనిషిని కొత్త ఊళ్ళో ఎవరూ తలవరు, ఏ బిడ్డకూ అతని పేరు పెట్టరు.

కోకుబేర భర్త కాగ్య జ్వరంతో పోయి రెండు నెలలైంది. అతని రాయి రాకూడదని కొలిమిపెద్ద రుతైహ్వ తీర్పు చెప్పాడు. రుతైహ్వ కాగ్యకు సొంత అన్న. చివరి మూడుసార్లూ కొలిమిలో ఇనుము దిగలేదు, పనికిరాని చిట్టెమే మిగిలింది. కొలిమి మండే రోజుల్లో మగవాళ్ళు భార్య గడప తొక్కకూడదు. తిత్తి ఊదే కాగ్య ఆ నియమం తప్పడం వల్లే ఇనుము చెడిందట.

అతను తప్పలేదని కోకుబేరకు తెలుసు. బతికుండగా ఎవరూ అనని మాట అది.

తిత్తి గాలిని కొలిమిలోకి పంపే మట్టిగొట్టాలు చేసేది ఆమే. నిప్పుకు పగలని గొట్టం చేయగల చెయ్యి ఆ కొండ మీద మరొకటి లేదు. అందరూ బయలుదేరుతుంటే ఆమె గుడిసె ముందు కదలకుండా కూర్చుంది. రుతైహ్వ వచ్చి, గొట్టాలు కట్టుకోలేదేమని అడిగాడు.

ఆమె కొలిమి అడుగు నుంచి తెచ్చిన బొగ్గును అతని కళ్ళ ముందే వేళ్ళతో నలిపింది. అది పొడై రాలింది.

"ఇది సరస్సు ఒడ్డు మెత్తచెట్ల బొగ్గు బావగారూ. గట్టి చెట్టు బొగ్గు ఇలా నలుగుతుందా? దీని వేడికి ఇనుము దిగుతుందా?"

"కొలిమి సంగతి ఆడవాళ్ళకెందుకు?"

పక్కన మూట కడుతున్న అతని ముసలి మేనత్త న్యామటె తలెత్తలేదు. "మీ మగాళ్ళే కొలిమిని పెళ్ళామంటారు. పెళ్ళానికి తిండి పెట్టకపోతే వంట ఎట్టా చేస్తుందిరా?" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. రుతైహ్వ నవ్వలేదు.

కోకుబేర ఒక గొట్టాన్ని పక్కనున్న బండకేసి పగలగొట్టింది. రెండోదీ పగలగొట్టింది. మూడోది ఎత్తింది.

"సరే, ఆ రాయి తెచ్చుకో," అన్నాడు రుతైహ్వ.

"రాయి కాదు. మాట కావాలి."

అతను జనం వైపు తిరిగి, తమ్ముడి తప్పేమీ లేదని, చెట్లు తానే నరికించానని, మెత్తని బొగ్గు వేయమన్నది కూడా తానేనని చెప్పాడు. గొంతు బాగానే వినిపించింది.

ఆమె కోపం చల్లారలేదు. గొట్టాన్ని దించి రాయిని గుడ్డలో చుట్టుకుంది.

"కొత్త కొండ మీద మొదటి చెట్టుకు గొడ్డలి పెట్టేముందు ఇదే మాట మళ్ళీ చెప్పాలి," అంది. "చెప్పేదాకా నేను గొట్టాలకు మట్టి ముట్టను."

ఆమె మూట నెత్తికెత్తుకుని అతని కంటే ముందు నడిచింది.