ముఖంలో నీలం

గవర్నర్‌పేటలో ఫ్లెక్సులు డిజైన్ చెయ్యడం మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లు. అన్నాళ్లూ ఫోటోషాప్‌తోనే. కళ్లు మూసుకున్నా నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. మొన్న మా ఓనరు జ్ఞానేశ్వర్, "ఇక దొంగ కాపీలొద్దు బాబాయ్, గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతోంది, అందులో చెయ్యి" అన్నాడు. ఫ్రీ అంట, నా తలకాయ! ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కోలేక చస్తున్నానని మొత్తుకున్నా వినలేదు. కొత్తగా చేరిన శాలిని మాత్రం అందులోనే టకటకా లాగించేస్తోంది. ఇలాగే సాగితే నన్ను ఇంటికి పొమ్మంటారని భయం పట్టుకుంది.

మా ప్రింటింగ్ మిషన్‌కి ఓ రోగముంది. ముఖాలకి నీలం ఎక్కువ కొడుతుంది. ఫోటోషాప్‌లో దానికి విరుగుడు ఎప్పుడో సెట్ చేసి పెట్టుకున్నాను, ఒక్క నొక్కుతో సరిపోయేది. గింప్‌లో ప్రతి ఫోటోకీ మనమే తగ్గించుకోవాలి. శాలిని ఓపిగ్గా రెండుసార్లు చూపించింది. రెండు నిమిషాల పని.

సోమవారం పొద్దున్నే గుణదల నుంచి ఏసుపాదం గారు ఇద్దరాడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. భార్య పోయిందట. మధ్యాహ్నం భూస్థాపన, ఈలోగా నివాళి ఫ్లెక్సు కావాలన్నారు. ఫోటోలో ఆవిడ నవ్వుతోంది. అప్పుడు పుట్టింది నాకు దిక్కుమాలిన బుద్ధి. నీలం తగ్గించకుండానే ప్రింటుకి పంపించాను. చెడితే మళ్లీ వేసిస్తాం, ఫ్రీ సరుకు సంగతి ఓనరుకి తెలిసొస్తుంది, అంతేగా అనుకున్నాను.

ఫ్లెక్సు విప్పగానే ఏసుపాదం గారు గోడ పట్టుకున్నారు. ఆవిడ పెదాలు, బుగ్గలు నీలంగా ఉన్నాయి.

"ఆఖర్న ఐసీయూలో ఇలాగే ఉందండీ," అన్నారు. "పిల్లలు చూడకూడదని బయటే ఉంచేశాను."

పిల్లలు చూసేశారు. చిన్నది తండ్రి చొక్కా లాగి, "అమ్మకేమైంది నాన్నా?" అంది.

"పది నిమిషాల్లో మళ్లీ చేసిస్తానండీ" అంటూ శాలిని తన సిస్టమ్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన వద్దన్నట్టు చెయ్యూపి, ఫ్లెక్సు అక్కడే వదిలేసి, పిల్లల్ని తీసుకుని ఆటో ఎక్కేశారు.

జ్ఞానేశ్వర్ నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు మొత్తుకుంటే వినలేదు బాబాయ్. ఎంతైతే అంతయింది, నీ ఫోటోషాపే కొంటాను."

శాలిని నా వంక చూసింది. దానికి అంతా అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"సరే బాబూ," అన్నాను.