నోటి వాన

ఇసోకిచి తాడు లాగి రేవు గుంజకు చుట్టాడు. పడవ ఒరుసుకుంటూ ఆగింది. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తాడు రాపిడికి ఆ చేతులు ఎప్పుడో తోలుగా మారిపోయాయి. నెత్తిన ఎండ పెనంలా కాలుతోంది.

"ఏం వాన మామా! గొడుగు తెచ్చుకోలేదా?" పడవ నడిపే సరంగు పైనుంచి అరిచాడు.

"దీనికి గొడుగేం ఆగుతుందిరా? బనీను కూడా తడిసిపోయింది."

నిజంగానే తడిసింది, చెమటకు.

వాననాట్యం రోజున ద్వీపంలో ఎవరూ ఎండ మాట ఎత్తకూడదు. కురుస్తున్నట్టే మాట్లాడాలి. అది విని దేవుడు సిగ్గుపడి కురిపిస్తాడట. సముద్రం అడుగున గొట్టం వేసి అవతలి ఒడ్డు నీళ్లు తెచ్చాక దేవుడి అవసరం తగ్గింది. ఆడేవాళ్లూ తగ్గారు. జేగంట కొట్టే ఇసోకిచి, డోలు కొట్టే హత్సుయె ఇద్దరే మిగిలారు. ఒకరి దెబ్బకు మరొకరు అడుగు వేయాలి. ఒంటరిగా ఆడే ఆట కాదది.

మధ్యాహ్నం టికెట్ల గది నీడలో అన్నం ముద్ద, ఊరబెట్టిన రేగుపండు తిన్నాడు. బల్లకింద జేగంట తువ్వాలులో చుట్టి ఉంది. సాయంత్రం ఆట.

హత్సుయె వచ్చింది. ఒక చేతిలో సంచి, మరో చేతిలో ఆటలో కప్పుకునే గడ్డి గొంగళి. సంచి చూడగానే అతని నోట్లో ముద్ద ఆగింది.

"మోకాళ్లెలా ఉన్నాయక్కా?"

"డోలుకంటే గట్టిగా మోగుతున్నాయి. అవతలి ఒడ్డున చెల్లెలు నాకు గది సర్దిందిరా. ఈ పడవకే పోతున్నా."

"ఇవాళేనా?"

"రేపంటే మళ్లీ కాళ్లు రావు."

బతిమాలడం అతనికి చేతకాదు. మచ్చలేని ఆకాశంకేసి చెయ్యి చూపాడు.

"ఈ కుండపోతలో పడవ కదలదక్కా. వెలిసేదాకా ఆగు."

ఆమెకు అర్థమైంది. నవ్వబోయి మానేసింది.

"వాన వెలిసిందిరా, ఇసో."

వాననాట్యం రోజున ఆ మాట ఎవరి నోటా అతను ఎన్నడూ వినలేదు. సరంగు మొహం తిప్పుకున్నాడు.

ఆమె గొంగళిని బల్లమీద పెట్టి పడవెక్కింది. తాడు విప్పాల్సింది ఇసోకిచే. విప్పాడు. పడవ చుక్కంతయ్యేదాకా తడి రేవు తాడు చేతిలోనే ఉంది.

తిరిగి చూస్తే నీడ జరిగిపోయింది. బల్లమీద ఎండలో గడ్డి గొంగళి చిటపటమంటోంది, తొలి చినుకుల్లా.