వర్లిన్ వాకిట్లో నీళ్ల గొట్టం

వాగు పొంగి చర్చి బల్లలు కొట్టుకుపోయిన ఏడాది అది. వరద వసంతంలో వచ్చింది. నేను చెప్పే చలి ఆ ఏడాది చివర్లో.

వరద మా పాత నీళ్ల గొట్టాన్ని పీక్కుపోయింది. వేసవిలో నేనూ మా బావమరిది వర్లిన్ కలిసి కొత్తది వేసుకున్నాం. కొండమీది ఊట నుంచి ముందు వాడిల్లు, దాని దిగువన మాది. కెంటకీలో మా లోయంతా బండే, గొట్టం పూడ్చడానికి చోటు దొరకడమే కష్టం. అందుకని వాడి ఇంటి కింది గదిలోంచి తీసుకెళ్లి మా ఇంటికి కలిపాం. వాడి ఇంట్లో పొయ్యి మండుతుంటే గొట్టం గడ్డకట్టదు. ఇద్దరం సరే అనుకున్నాం.

డిసెంబరులో రేడియోవాడు చెప్పాడు, ఇలాంటి చలి చాలా ఏళ్లుగా రాలేదని. కిటికీలకు ప్లాస్టిక్ కొట్టాను. ఇంటి చుట్టూ గోడల మొదట్లో గడ్డిమోపులు పేర్చాను. బొగ్గు వసారాలోకి చేరేశాను. ఇంట్లో మా అత్త డెల్ఫా మంచాన ఉంది. నా భార్య ఓపల్‌కీ వర్లిన్‌కీ తల్లి. కాళ్లు పడిపోయాయి. రోజూ ఆవిడ పక్కబట్టలు ఉతకాలి. నీళ్లు ఆగితే ఆవిడ తడిలో పడుకోవాలి, అంతే.

ఆ మధ్యాహ్నం వర్లిన్ దగ్గరికి వెళ్లాను, బొగ్గు సరిపోతుందా అని అడుగుదామని. వాడు ట్రక్కులో పెట్టెలు సర్దుతున్నాడు. పెళ్లాం అప్పటికే ఎక్కి కూర్చుంది.

“ఎక్కడికిరా?”

“మా అత్తగారింటికి బావా. టౌన్లో కరెంటు హీటర్లున్నాయి. చలి తగ్గాక వస్తాం.”

“పొయ్యో?”

“ఆర్పేశా. వాల్వు కట్టేసి గొట్టంలో నీళ్లు కూడా దింపేశా. పని చూస్తే నువ్వు కూడా మెచ్చుకుంటావు.”

“నువ్వు కట్టేస్తే మాకు నీళ్లెట్టా వస్తాయిరా?”

“పొయ్యి లేకుండా నీళ్లుంచితే గొట్టం పగులుద్ది. వచ్చేసరికి కింది గదిలో చేపలు పెంచుకోవాలి నేను.”

అది నిజమే. నిజమైనందుకే ఒళ్లు ఇంకా మండింది.

“తాళం ఇచ్చి పో. పొద్దునా సాయంత్రం వచ్చి నేనే బొగ్గేస్తా. నా బొగ్గే.”

“వద్దులే బావా. పోయినసారి నువ్వు మా ఇంటికొచ్చి మా అమ్మనే ఎత్తుకుపోయావు.”

“తడిసిన పక్కలో పడుందిరా మనిషి.”

“మేం చూసుకునేవాళ్లం. చర్చిలో నీకు పేరొచ్చింది, మాకు చెడ్డపేరు మిగిలింది. ఉంచుకున్నావుగా, ఉంచుకో.”

“ఆవిడ బట్టలు ఉతకడానికేరా నీళ్లు.”

“మీ ఇంట్లో బకెట్లు లేవా ఏంటి? కావాలంటే మావి రెండు పట్టుకెళ్లు. తిరిగివ్వక్కర్లేదు.”

తలుపుకి తాళం వేసి, దాన్ని రెండుసార్లు గుంజి చూసుకుని మరీ ట్రక్కెక్కాడు. నా చేతుల్లో ఏముందా అని చూసుకున్నాను. ఏమీ లేదు. అదే మంచిదైంది.

ఇంటికొస్తే ఓపల్ కుళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉంది. చుక్క రావడం లేదు.

“ఏవన్నాడు?”

“బకెట్లిస్తానన్నాడు.”

ఎప్పుడూ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చే మనిషి. చిన్నవాడు, తెలీదు అంటుంది. ఆ చిన్నవాడికి నలభై దాటాయి. ఆ రోజు అనలేదు.

“తలుపు పగలగొట్టు” అంది.

“పగలగొడితే రేపు ఊరంతా నన్ను దొంగంటారు.”

“మరి అమ్మనేం చేద్దాం? వాగులో నీళ్లు మోస్తావా? రేపటికి వాగు కూడా రాయవుద్ది.”

పక్కగదిలోంచి అత్త పిలిచింది. గోడలు పల్చన, అంతా విన్నట్టుంది.

“వాడు పోతూ నన్ను చూడ్డానికి వచ్చాడా?”

“తొందరలో ఉన్నాడమ్మా” అంది ఓపల్.

“తొందరే పాపం. పెళ్లాం కాళ్లు చల్లబడవూ.” తర్వాత నన్ను పిలిచింది. “అల్లుడూ, గొట్టం బయటినుంచి తిప్పడానికి కుదరదా?”

“కుదురుద్ది అత్తా. వాడి వాకిట్లోంచి వేయాలి.”

“వాకిలి వాడిదని ఎవడు చెప్పాడు? ఇల్లిచ్చాను. నేల ఇంకా నా పేరనే ఉంది. వేసెయ్. వాడు వచ్చి తీయమంటే నా దగ్గరికొచ్చి అడగమను. ఆ వంకనన్నా వస్తాడు.”

ఓపల్ మొహం తిప్పుకుని పొయ్యిలో బొగ్గు వేసింది.

మర్నాడు తెల్లారగానే రంపం తీసుకుని వెళ్లాను. మీసాల మీద ఊపిరి గడ్డకడుతోంది. వర్లిన్ ఇంటి గోడకి ఎగువన గొట్టం తవ్వి తీసి కోశాను. వేసవిలో మిగిలిన గొట్టం చుట్ట తెచ్చి దానికి కలిపాను. వాడి మెట్ల ముందునుంచి ఇల్లు చుట్టి, దిగువన మా గొట్టాన్ని కోసి అందులోకి ఎక్కించాను. గోడలోకి పోయే వాడి ముక్కలో మట్టి కుక్కాను. నేలమీద పరిచిన గొట్టం చలికి ఆగాలంటే వెచ్చగా ఏదైనా కప్పాలి. మా పశువుల కొట్టంలోంచి పచ్చి పేడ తోపుడు బండితో మోశాను. ఆవిర్లు కక్కుతోంది. మోకాలెత్తున గట్టులాగా పోశాను, వాడి వాకిలి ఈ చివర్నించి ఆ చివరిదాకా. మెట్ల దగ్గర కొంచెం ఎక్కువే పోశాను. అక్కడ అంత అక్కర్లేదు.

తర్వాత ఇంటికెళ్లి, నీళ్లు పారుతూ గడ్డకట్టకుండా కుళాయి సన్నగా తిప్పి వదిలాను. ముందు గాలి వచ్చింది, తర్వాత బురద, తర్వాత నీళ్లు. ఓపల్ ఉతకాల్సిన దుప్పట్లు తెచ్చింది.