కాసులమ్మ కారు, పాండురంగాపురం మెరక

బ్యాటరీ కారు కొన్నవాళ్ళు మద్దిలపాలెం షోరూముకి మొదటిసారి స్వీట్ల డబ్బాతో వచ్చేవారు. ఆ తర్వాత తిట్లతో వచ్చేవారు. కౌంటరులో కూర్చునే ఇంద్రజకు రెండూ అలవాటైపోయాయి. పద్మనాభం అనే పల్లెటూరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ మాట వినడమే ఆ పిల్ల పని. చెప్పే జవాబు మాత్రం కంపెనీది: కారులో లోపం లేదు, వాడకంలో ఉంది.

స్టీలు ప్లాంటులో పనిచేసే దుర్గారావు గోదావరి వైపు మనిషి. కోపం కూడా మర్యాదగానే పడేవాడు. "ఏవండీ, కారుతో పాటు తోసేవాణ్ణి కూడా ఇచ్చుంటే బాగుండేదండీ" అని, తాళాలు బల్లమీద పెట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కాసులమ్మ అలా కాదు. జాలరిపేటలో ఎండుచేపల వ్యాపారం ఆమెది. గేరూ క్లచ్చీ లేని బండి కదా, నాకేం రాదా అని యాభై దాటాక బీచిరోడ్డు మీద నేర్చుకుంది. ఆమె మొగుడు అబ్బులుకి కెరటాల్లో పడవ తిరగబడి తుంటి విరిగింది. ఆటో కుదుపులకి ఆయన పళ్ళు బిగబట్టుకోవడం చూడలేకే ఆ కారు కొన్నది. దానిలో సీతమ్మధార తీసుకెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తుంటే, ఈమధ్యే కర్ర పట్టుకుని నిలబడుతున్నాడు. ఇంతలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. సముద్రం ఒడ్డు నుంచి ఊళ్ళోకి ఎక్కే పాండురంగాపురం మెరక సగం ఎక్కి చచ్చిపోయేది. ఓసారి నడిరోడ్డు మీద ఆయన్ని మరో బండిలోకి మారుస్తుంటే కాలు జారింది. మనిషి మళ్ళీ మంచమెక్కి, నానా తంటాలు పడి లేచాడు. వారంటీ ఆ నెలాఖరుతో సరి. ఈలోగా బాగుపడకపోతే కారు లేదు, వైద్యమూ లేదు.

చిత్రమేమిటంటే షోరూము గుమ్మంలోకి వచ్చేసరికి కారు బుద్ధిమంతురాలైపోయేది. కాసులమ్మ ఎవరినీ కసరలేదు. ఆగిన చోటు చెప్పేది, జవాబు వినేది, వెళ్ళేది. మళ్ళీ వచ్చేది. అంత ఓపిక తన ఊళ్ళో నాట్లు వేసే ఆడవాళ్ళలో తప్ప ఇంద్రజ ఎక్కడా చూడలేదు.

ఎట్టకేలకు కంపెనీ రోహిత్ అనే కుర్ర ఇంజినీరుని పంపింది. నెమ్మదస్తుడు. కారుకి లాప్‌టాప్ తగిలించి చూశాడు. ఒక్కడే బస్సు డిపో దాకా నడిపి తెచ్చాడు. అంతా సరిగ్గానే ఉందన్నాడు.

"బావుంది బాబూ. మరి రా, ఎక్కు" అంది కాసులమ్మ.

ఎక్కడికని అడిగాడు.

"మా పేటలో ఇంజిను బాగుసేసినోడు మొదటి సేపల ఏటకి మాతోపాటు పడవెక్కాల. ఒడ్డున నిలబడి బావుందంటే మేం ఒప్పుకోం."

"నేనేమీ బాగుచెయ్యలేదమ్మా. బాగానే ఉంది."

"మరింకేటి బయం?"

జవాబులు చెప్పే మనిషి కూడా రావాలని ఇంద్రజనీ పిలిచింది. వెనక సీటు చిన్నపిల్లల కోసమని రోహిత్ నసిగాడు. కాసులమ్మ గోడమీద పోస్టరు చూపించింది. అందులో నలుగురూ హాయిగా నవ్వుతున్నారు. "ఈ గుంటా పిల్లే, నువ్వూ పిల్లడివే. కూకోండి" అంది. మేనేజరు భోజనానికి వెళ్ళాడు. ఇంద్రజ ఒక్క క్షణం ఆగి, కుర్చీలోంచి లేచింది.

మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఇద్దరూ వెనక ఇరుక్కున్నారు. ముందు సీట్లో అప్పటికే కూర్చుని ఉన్న అబ్బులు ఆ ఆచారం సంగతి చెప్పాడు. "మనతో నీటిమీదకొచ్చినోడే బాబూ, నట్టు రెండోసారి బిగిత్తాడు."

బీచికి దిగి, వెనక్కి తిరిగి మెరక ఎక్కారు. సగంలో కారు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. వెనక సిటీబస్సు హారన్ మోగిస్తోంది. కాసులమ్మ సీటు కింద నుంచి ఒక రాయి తీసి, దిగి, చక్రం వెనక పెట్టింది. చెయ్యి ఊపి బస్సుని పక్కనుంచి పొమ్మంది. రోజూ పొయ్యి ముట్టించినంత మామూలుగా చేసిందా పని.

బరువెక్కువైందని రోహిత్ దిగాడు, ఇంద్రజనీ దింపాడు. అయినా కదల్లేదు. అబ్బులు తానూ దిగబోతే వద్దని వారించి, వెనక మూత తీసి, మోటారుకి కరెంటు అందించే కంట్రోలరు పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి పెట్టె చల్లారింది. తాళం తిప్పితే కారు ఏమీ ఎరగనట్టు లేచింది. షోరూముకి చేరేలోగా ఇది చల్లారిపోతోందన్నమాట అని రోహిత్ తనలో తాను అనుకుంటున్నట్టే అన్నాడు.

అక్కడే నిలబడి కంపెనీకి ఫోను చేశాడు. అవతలివాళ్ళు ఏమంటున్నారో ఇంద్రజకు వినబడకపోయినా తెలుసు.

"లేదు సార్, దిగి చూశాం. కదల్లేదు" అన్నాడు. కొంచెం సేపు విన్నాడు. చెమట తుడుచుకున్నాడు. "వాడకం కాదు సార్. ఆగినప్పుడు నేను అందులోనే ఉన్నాను."

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాట పై అధికారితో అనడం ఎంత కష్టమో ఆ కౌంటరులో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. ఇంద్రజ అతనికేసి కొత్తగా చూసింది. ఆ తర్వాత, రాయి తీసి సీటు కింద సర్దుకుంటున్న కాసులమ్మకేసి చూసింది. ఒక్క కేకైనా వెయ్యకుండా ఈమె అతన్ని ఇక్కడిదాకా తెచ్చిందే అనుకుంది.

నెలాఖరుకి ముందే కొత్త కంట్రోలరు వచ్చింది. రోహితే బిగించాడు. ఎవరూ పిలవకుండానే వెళ్ళి వెనక సీట్లో ముడుచుకు కూర్చున్నాడు. ఈసారి మేనేజరు చూస్తుండగానే ఇంద్రజ కూడా ఎక్కింది.

మళ్ళీ బీచికి దిగి, మెరక ఎక్కడం మొదలుపెట్టారు. అబ్బులు కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆగే చోటు వచ్చింది, వెనకపడింది. మలుపు దాటారు. పైన చదునైన రోడ్డు మీదికి చేరగానే, వేడి ఎంతుందో చూడాలి, ఒక్కసారి ఆపమని రోహిత్ అడిగాడు.

"తరవాత సూద్దువు బాబూ, డాక్టరుగారు ఎల్లిపోతారు" అని కాసులమ్మ సీతమ్మధార వెళ్ళడానికి సిరిపురం వైపు తిప్పింది.